పెరిగిన గాజులు

మొన్న పొద్దున కుక్కరు మూత తీస్తుంటే నా కుడిచేతి గాజు ఒకటి ఠక్కుమని రెండు ముక్కలయింది. కోడలు చూసి, "అత్తమ్మా, గాజు పగిలింది, చెయ్యి జాగ్రత్త" అంది. పాపం, నా చెయ్యి ఎక్కడ కోసుకుంటుందోనని ఆ పిల్ల భయం. నేను మాత్రం కయ్యిమని లేచాను. పగిలింది అనకూడదు, పెరిగింది అనాలి అన్నాను. "పొట్టిదైపోతే పెరగడమేంటి అత్తమ్మా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాను గానీ, కూరగాయలకు పోయిన మా ఆయన తిరిగొచ్చేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మా అవ్వ ఎప్పుడూ "కీడెంచి మేలెంచాల" అనేది. నేను కీడు దగ్గరే ఆగిపోతాను. మేలు దాకా పోయేలోపు మనిషి సంచీతో ఇంట్లోకి వచ్చేస్తాడు.

ఈ భయం నాకు ఎక్కడ అంటుకుందో బాగా తెలుసు. ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య, వింజమూరు రోడ్డు మీద బస్సు దిగి మట్టిబాటన లోపలికి పోతే మా పల్లె. గుడి అంటే మాకు చర్చే. ఆ గుడి గోడమీద పల్లె ఆడవాళ్లంతా కలిసి గాజుముక్కలతో సముద్రాన్ని చేసిన ఏడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో అంటుకుంది.

అప్పుడు మా పల్లెకు కేరళ నుంచి ఒక సిస్టరమ్మ వచ్చింది. పుల్లలాంటి మనిషి, గాలికి ఆమె ముసుగు ఎగురుతుంటే మనిషి కూడా ఎగిరిపోతుందేమో అనిపించేది. తెలుగు పుస్తకంలో నేర్చుకుని వచ్చింది. "మీరు భోజనము చేసితిరా" అనేది. మేం పిల్లలం ఆమె వెనకాల నడుస్తూ "చేసితిమి, చేసితిమి" అని పాడేవాళ్లం. ఆమె కోప్పడకుండా "మంచిది" అనేది. పూజ జరిగే పీఠం వెనక బోసిగా ఉన్న సున్నపు గోడను చూసి, దానిమీద బొమ్మ చేద్దాం, రంగులు కొనొద్దు, ఇళ్లలో పగిలిపోయినవి తెండి చాలు అంది. పగిలిన కప్పులు, సాసర్లు, జాడీలు, ఇంకా గాజులు.

గాజులు అనేసరికి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వైపు ఆడవాళ్ల నోట గాజు పగలదు, తాళి తెగదు. రెండూ పెరుగుతాయి. పగిలింది అంటే మొగుడు పోయినప్పుడు చెరువుగట్టున కూర్చోబెట్టి రాయి పెట్టి కొట్టే గాజులే గుర్తొస్తాయి కాబట్టి ఆ మాట ఇంట్లోకి రానివ్వరు. ఆఖరికి ఒకామె ధైర్యం చేసి, "మా ఇంట్లో ఈ నెలలోనే శానా పెరిగినాయి సిస్టరమ్మా, తెచ్చిస్తా" అంది. సిస్టరమ్మ చేతులు జోడించి, "చాలా సంతోషము. ప్రభువు మీకు ఇంకనూ పెంచును గాక" అంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తారు. సంగతి చెప్పాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అప్పట్నుంచి ఎవరైనా పెరిగింది అంటే చాలు, "ఏమి పెరిగినది?" అని ఒకసారి అడిగి రూఢి చేసుకునేది.

బొమ్మ ఏంటంటే, సముద్రం మీద నడిచివస్తున్న ప్రభువు, మునిగిపోతూ చెయ్యి చాచిన పేతురు. సముద్రం చూసినవాళ్లు మా పల్లెలో తక్కువ. సిస్టరమ్మ నీలం అంటే మావాళ్లు ఒప్పుకోలేదు. "నీళ్లు యాడన్నా నీలంగా ఉంటాయా? చెరువు నిండితే పచ్చంగా ఉండాది గదా" అంది మా అవ్వ. వాదించి వాదించి సిస్టరమ్మే ఓడిపోయింది. ప్రభువు అంగీకి టీకొట్ల తెల్లకప్పులు, పడవకు ఊరగాయ జాడీల గోధుమరంగు పెంకులు అనుకున్నారు. పడవకు పెంకులు చాలడం లేదని విని పక్కింటి పిల్ల వాళ్ల జాడీని, అదీ మాగాయతో సహా, అరుగుమీంచి దొర్లించింది. దాని వీపు మోగిన మోత గుడిగంటకు మించి వినపడింది. పడవ మాత్రం పూర్తయింది.

గాజుముక్కలు ఇంకా కావాలంటే అమ్మా, చిన్నమ్మా, నేనూ అనుమసముద్రంపేట పోయాం. అక్కడ దర్గా ముందర గాజుల దుకాణాల వాళ్లు విరిగినవన్నీ మూల పడేస్తారు. గుడికి అని చెబితే ఒక ముసలి సాయిబు, "దేవుడికే గదమ్మా, తీస్కపో" అని గోనెసంచి నింపి ఇచ్చాడు. ఊదొత్తి వాసనా, అత్తరు వాసనా ఆ సంచికి పట్టి, చాలారోజులు మా గుడి మూల దర్గా వాసన వేసేది. నేను దారిపొడుగునా ముక్కలు కళ్లకు అడ్డం పెట్టుకుని ఒకసారి ఎర్రటి బస్సు, ఒకసారి పసుప్పచ్చ కండక్టరు అంటూ చూసుకుంటూ వచ్చాను.

చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు. పెళ్లయిన ఏడాది తిరక్కముందే, బావిలో పూడిక తీస్తుంటే ఒడ్డు విరిగిపడి మా చిన్నాయన పోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉండేది. అవ్వ నాయనకు తల్లి. చిన్నమ్మను తిట్టేది కాదు, అన్నం పెట్టేది. నాయన లారీ ఎక్కేటప్పుడు మాత్రం చిన్నమ్మను పెరట్లోకి పంపేసేది. నాయన డ్రైవరు. ఆత్మకూరు లారీమీద నిమ్మకాయల లోడు ఎత్తుకుని ఉత్తరాదికి పోయేవాడు. ఇంటికొచ్చినా రెండు రోజులదాకా ఒళ్లంతా నిమ్మకాయ వాసనే.

పని సాయంత్రాలు జరిగేది. మిరపకాయల కోత ముగించుకుని, మండే చేతులు మజ్జిగతో కడుక్కుని ఆడవాళ్లు గుడికొచ్చేవాళ్లు. మేస్త్రీ పలక వెడల్పున సిమెంటు పూసేవాడు. అది బిగిసేలోపు ముక్కలు గుచ్చి, ఉదయగిరి చెక్కగరిటె వీపుతో మెల్లగా నొక్కి, తడి గోనెపట్టాతో తుడవాలి. గాజుముక్క వంపు పైకి ఉంటే అల, కిందికి ఉంటే గుంట. సిస్టరమ్మ ఒక నియమం పెట్టింది. దుకాణాల ముక్కలు ఎవరైనా పెట్టొచ్చు గానీ, ఇంటి గాజులు మాత్రం ఎవరివి వాళ్లే పెట్టాలి, పెట్టేటప్పుడు మనసులో ఒక ప్రార్థన చెప్పుకోవాలి. తడి సిమెంటు వాసన, సాంబ్రాణి వాసన, ఆడవాళ్ల చేతుల మిరపఘాటు కలిసి ముక్కు చిటపటలాడుతుండేది.

పేతురు మొహానికి కుండపెంకులు వాడారు. నోరు తెరుచుకుని అచ్చం మా ఉపదేశి గారిలాగే కుదిరింది. ఉపదేశి అంటే ఫాదర్‌గారు లేనప్పుడు ప్రార్థనలు చెప్పే పెద్దాయన. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, సిస్టరమ్మ సరే అన్నవాటికి కూడా ఈయన అడ్డం పడేవాడు. చిన్నమ్మ మొదటిరోజే, "నేను గూడా పెట్టచ్చా" అని అడిగితే, "మొగుడు పొయ్యినదాని గాజులు పీఠం ఎనకమాలా? సుమంగళుల గాజుల్లో కలిస్తే రేపు ఎవురింట్లో ఏమైనా జరిగితే నన్నంటారు" అన్నాడు. మా అవ్వ, "అవును" అంది. ప్రభువును నమ్ముకున్నాం గానీ ఆ భయం మమ్మల్ని వదల్లేదు. చిన్నమ్మ పోయి సిమెంటు తట్టలు మోసింది.

అసలు ఆమె పెళ్లిగాజులు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయని మాత్రం ఎవరూ అనుకోలేదు. చెరువుగట్టున కొట్టిన గాజుల్ని అక్కడే వదిలి వెనక్కి చూడకుండా రావాలి. చిన్నమ్మ మాత్రం వాటిని మట్టితో సహా కొంగున కట్టుకొచ్చి పౌడరు డబ్బాలో దాచుకుంది. అమ్మకు తెలుసు. నాకూ తెలుసు, ఎందుకంటే నాకు తెలియని డబ్బా మా ఇంట్లో లేదు. ముదురు పచ్చ గాజులు, పెళ్లివి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సిలువమార్గం ప్రార్థన అయిపోయాక అందరూ గంజి తాగడానికి పందిట్లోకి పోయారు. గుడిలో అమ్మా చిన్నమ్మా నేనూ, మేం ముగ్గురమే మిగిలాం. ప్రభువు చెయ్యీ పేతురు చెయ్యీ కలిసేచోట, ఆ చేతుల కింద నీళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అక్కడ లోతు కనబడాలి, ముదురు పచ్చ కావాలి అని సిస్టరమ్మ ఆపించింది. దుకాణాల పచ్చలన్నీ చిలకపచ్చలు. మేస్త్రీ సిమెంటు పూసి, ఏదో ఒకటి పెట్టండని గంజికి పోయాడు. చిన్నమ్మ ఆ ఖాళీని చూస్తూ నడుముకు దోపుకున్న డబ్బా తీసింది. మళ్లీ దోపుకుంది.

అమ్మ వాకిలి వైపు చూసి తన గాజుముక్కలున్న చేటను ముందుకు జరిపింది. "పొయ్యి దీన్లో. ఎవురన్నా అడిగితే నావే అంటా" అంది.

"వద్దక్కా. బావ రోడ్డుమీదుండే మనిషి" అంది చిన్నమ్మ.

"పొయ్యమంటినా లేదా?"

చిన్నమ్మ డబ్బాలోవి సగం చేటలో పోసింది. ఇద్దరూ వంగి గబగబా గుచ్చుకుంటూ పోయారు. చిన్నమ్మ పెదాలు కదులుతున్నాయి. మొగుడు పోయిన మనిషి గాజుల్ని మొగుడున్న మనిషి నావే అంది. గంజిలోకి ఆరోజు గోంగూర పచ్చడి. నాకెంతో ఇష్టం. ఒక్క ముద్ద దిగలేదు.

సిస్టరమ్మ ఆ పచ్చను చూసి పొంగిపోయింది. ఇవెవరివి అంటే అమ్మ "నావే" అంది. అవ్వ కోడలి మొహంలోకి ఒకసారి చూసింది.

నాయన ఈస్టరుకు ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం లోపల వచ్చెయ్యాలి. రాలేదు. ఈతమట్టలు పట్టుకుని "హోసన్నా" పాడుతూ పల్లె చుట్టూ తిరుగుతుంటే నా చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. లారీ హారన్ వినపడితే చాలు, వరస విడిచి పరిగెత్తేదాన్ని. అది ఎవరిదో లారీ. సోమవారమూ రాలేదు, మంగళవారమూ రాలేదు. అమ్మ రోజూ నాయన కంచం కడిగి బోర్లించేది. అవ్వ వాకిలి ముందర రోడ్డు కనబడే దిబ్బమీదికి మంచం వేయించుకుంది. చిన్నమ్మ అన్నం కలుపుతూ కలుపుతూ లేచిపోయేది. మేం ముగ్గురం, అంటే అమ్మా చిన్నమ్మా నేనూ, ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోవడం మానేశాం. నేను పొద్దున్నే గుడికి పోయి ఆ ముదురుపచ్చ ముందర నిలబడి, "ప్రభువా, అయ్యి మా అమ్మయి గాదు, నీకు తెలుసు గదా, లెక్క తప్పబాక" అని వేడుకునేదాన్ని. అంత పెద్ద దేవుడు గాజులు ఎవరివో మరిచిపోతాడేమోనని నా భయం.

పెద్ద శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, ఇంకా రెండురోజులుందనగా మధ్యాహ్నం ఉపదేశి గారు రోడ్డు మీదనుంచి వచ్చాడు. భుజంమీది తువ్వాలు చేతిలోకి తీసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆ తువ్వాలు చూసే అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"ఏంది మామా?"

"కండక్టరు బస్సులోనించి అరిచినాడమ్మా. ఆత్మకూరు లారీ ఆఫీసుకు ఫోను వచ్చిందంట. మీ డ్రైవరు ఇంటికాడ చెప్పు, పెరిగిందంట అన్నాడు. ఇంకా ఏందో అంటాండాడు గానీ బస్సు మోతలో ఇనబళ్లా, కదిలిపొయ్యింది."

పెరిగిందంట. అంతే. మా పల్లెలో ఆ మాటకు ముందర ఏమీ లేకపోతే దానికి ఒకటే అర్థం. తాళి పెరిగిందని నోరారా చెప్పలేక ఆ సగం మాటే చెబుతారు, విన్నవాళ్లు మిగతా సగం అడగరు. అవ్వ దిబ్బమీదనే కూలబడి నేలను కొట్టింది. అమ్మ ఏడవలేదు, గుంజకు ఆనుకుని అలాగే జారి కూర్చుంది. నేను ఆమె చేతుల వైపు చూశాను. గాజులు ఉన్నాయి. అవి ఎంతసేపు ఉంటాయా అనిపించింది, నా వయసుకు రాకూడని ఆలోచన.

చిన్నమ్మ గుడివైపు పరిగెత్తింది.

మేమంతా వెనక పడ్డాం. మేం పోయేసరికి ఆమె పీఠం వెనక మోకాళ్లమీద కూర్చుని, మేకు పట్టుకుని ఆ ముదురుపచ్చను పెళ్లగిస్తోంది. మేకు రాని చోట గోళ్లతో పీకుతోంది. వేళ్లు తెగి ప్రభువు తెల్లటి అంగీ కింద రక్తపు చారలు. "నా వల్లే, నా బావను నేనే తిన్నా" అంటోంది. గాజులు ఎవరివో అందరికీ అప్పుడు తెలిసింది. అవ్వ, "పీకు, ఒక్కటి మిగల్చబాక. నా బిడ్డను మింగినాయి" అని కేకపెట్టింది. ఎవరో గునపం తెమ్మన్నారు.

అమ్మ జనాన్ని తోసుకుని పోయి చిన్నమ్మ వెనకాల కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"తియ్యబాక."

"అక్కా, తీస్తే ఇంకా ఏమన్నా…"

"తియ్యబాక అంటినా. నీ గాజులు ఎవుర్నీ చంపలా. ఆపొద్దు చెరువుకాడ నువ్వొక్కదానివే ఏడిస్తివి. నేను నీ పక్కన కూర్చోలా, నాకేమైనా అయ్యిద్దని గట్టుకు అవతల నిలబడితి. ఈపొద్దు నాకయింది. ఇద్దరం ఏడుద్దాం, పట్టుకో నన్ను."

గునపం తెమ్మన్నవాళ్లు కూడా వెనక్కి జరిగారు. అవ్వ ఒక్కతే గోడవైపు చూపిస్తూ ఇంకా పీకమంటోంది.

అప్పుడే సిస్టరమ్మ ముసుగు సర్దుకుంటూ వచ్చి ఏమైందని అడిగింది. ఉపదేశి గారు తలవంచుకుని, "పెరిగిందంట సిస్టరమ్మా" అన్నాడు.

ఆమె అలవాటుగా, "ఏమి పెరిగినది?" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇలాంటప్పుడు అడిగే ప్రశ్న కాదు కదా అన్నట్టు చూశారు. ఆమె మళ్లీ అడిగింది. "తాళి" అన్నాడు ఉపదేశి గారు గొంతు దించి.

"కండక్టరు తాళి అని చెప్పినాడా?"

"అనలా. ఎవురంటారమ్మా ఆ మాట?"

"మరి ఏమి పెరిగినదో మీరు అడగలేదా?"

ఉపదేశి గారి నోరు పేతురు నోరులా తెరుచుకుంది. "ఆ బస్సే మళ్లా తిరిగొచ్చే వేళయింది" అంటూ తువ్వాలు అక్కడే వదిలేసి రోడ్డుకు పరిగెత్తాడు.

ఆ సాయంత్రం మేం గుడిలో కూర్చున్నంత పొడుగు సమయం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. పురుళ్ల గదుల ముందర కూర్చున్నాను, ఆసుపత్రుల్లో కూర్చున్నాను, అవేవీ అంత కావు. ఎవరూ జపమాల చెప్పలేదు. ఆశపడితే తప్పేమో, ఏడిస్తే తప్పేమో తెలియక అందరూ బిగుసుకుని కూర్చున్నారు. అమ్మా చిన్నమ్మా గోడకింద ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉన్నారు. నేను అమ్మ చీర చెంగు నోట్లో పెట్టుకుని నమిలాను, పెద్దపిల్లనై ఉండి. చెంగంతా మిరపకాయ కారం.

ఎండ గుమ్మం దాటి పోయాక ఉపదేశి గారు వచ్చాడు. రొప్పుతూ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ట్రిప్పు" అన్నాడు. "ట్రిప్పు పెరిగిందంట. ఆణ్ణించి ఇంకో లోడు దొరికిందంట. పండగ దాటినాక వస్తాడంట."

అవ్వ లేచి ఆయన తువ్వాలుతోనే ఆయన్ను కొట్టింది. "నీ నోట్లో మన్ను పొయ్య, ఆ ముక్క మొదట చెప్పి చావగూడదా?" అంటూ కొట్టి, ఆయన భుజంమీదే తల పెట్టి ఏడ్చింది. ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. ఆయనకు ఆరోజు నుంచి పెరిగినాయన అనే పేరు ఖాయమైంది. అమ్మ నవ్వలేదు. చిన్నమ్మ వేళ్లకు చెంగు చుడుతూ కూర్చుంది.

నాయన పాస్కా, అంటే ఈస్టరు పండగ దాటాక గడ్డం మాసిపోయి, కమలాపండ్ల బుట్టతో దిగాడు. అమ్మ ఏదీ దాచకుండా చెప్పి గుడికి తీసుకుపోయి గోడ చూపించింది. నాయన రోడ్డు మనిషి, ఆయన భయాలు ఆయనకు ఉండేవి. దారికి పిల్లి అడ్డం వస్తే బండి ఆపేవాడు. చేతుల కింద పెళ్లగించిన చోట బొరియలుగా ఉంది. దాని అంచులు వేలితో తడిమాడు. తిడతాడేమో, చిన్నమ్మను పుట్టింటికి పొమ్మంటాడేమో.

"ఇంకా ఉండాయా డబ్బాలో?" అన్నాడు.

"ఉండాయి బావా" అంది చిన్నమ్మ.

"అయితే పెట్టు. సిమెంటు నేను కలపతా."

ఆయన చొక్కా విప్పి సిమెంటు కలిపాడు. చిన్నమ్మ అందరి ముందరా, ఎవరి చేటలోనూ పొయ్యకుండా, తన గాజులు తనే పెట్టుకుంది. అవ్వ లేచి బయటికి పోయింది. బతికున్నన్నాళ్లూ ఆ గోడకు ఎదురుగా కూర్చోలేదు, పక్కవరసలో కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఆమెను నేను తప్పుపట్టను. నాయన ఆ తర్వాత లారీ ఎక్కిన ప్రతిసారీ అది మలుపు తిరిగేదాకా నేనూ చూస్తూ నిలబడేదాన్ని. సంగతంతా కళ్లారా చూసినా భయం పోలేదు, అది చూసిందాన్ని బట్టి నడుచుకోదు.

నాయన చాలా ఏళ్లకు పోయాడు, రోడ్డుమీద కాదు, ఇంట్లో మంచంమీదే. అప్పటికి అవ్వ లేదు, సిస్టరమ్మ ఏ ఊళ్లో ఉందో తెలియదు. సమాధుల దొడ్డి నుంచి వచ్చాక పల్లెలోని పెద్ద ఆడవాళ్లు వాకిట్లో నిలబడి, "ఇంక లెయ్యమ్మా, చెరువుకాడికి పోవాల" అన్నారు. నేను లోపలే ఉండిపోయాను, ఏం చెయ్యాలో తోచలేదు. చిన్నమ్మ పోయి అమ్మ పక్కన కూర్చుని ఆమె రెండు మణికట్లూ తన చేతుల్లోకి తీసుకుంది.

"మా అక్క యాడికీ రాదు" అంది.

"ఆచారం గదమ్మే."

"రాదన్నానా."

అమ్మే, "వదిలిపెట్టవే, ఏం కాదులే" అంది. చిన్నమ్మ వదల్లేదు. వాళ్లు కాసేపు చూశారు, కూర్చున్నారు, మళ్లీ అడిగారు. ఆమె తల ఎత్తలేదు, పట్టు సడలించలేదు, మంచినీళ్లిచ్చినా అందుకోలేదు. పొద్దుగూకేసరికి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తెల్లారి నేను అమ్మకు మొహం కడగబోతే, ఆమె చేతులకు గాజులు ఉన్నాయి, వాటి చుట్టూ చిన్నమ్మ వేళ్ల అచ్చులు ఎర్రగా కమిలి ఉన్నాయి.